బండల మీద కారు నిలబెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

కడప, కర్నూలు, అనంతపురం... ఏ ఊళ్లో చూసినా ఆదివారం పొద్దున ఇంటి ముందు కారుకు జాకీ ఎక్కించి, చక్రం ఊడదీసి, కింద దూరి పని చేసుకునేవాళ్లు కనబడుతున్నారు. బ్రేక్ ప్యాడ్లు, ఇంజన్ ఆయిల్ మార్చుకోవడం, సైలెన్సర్ బిగించుకోవడం నేర్చుకోదగ్గ పనులే. వాటిని వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ కారును ఏది మోస్తోందో చూస్తేనే గుండె ఝల్లుమంటుంది. కొందరు జాకీ ఒక్కదాన్నే నమ్ముకుంటారు. చాలామంది రెండు మూడు నాపబండ ముక్కలు పేర్చి, ఎత్తు చాలకపోతే పైన ఒక ఇటుక పెట్టి, దాని మీదకు కారును దించి, కింద వెల్లకిలా పడుకుంటారు.

మన సీమలో రాయికి కొదవ లేదు. బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ, కడప నల్లబండ: ఇంటి నేలకు అదే, మిద్దెకు అదే, దొడ్డి చుట్టూ ప్రహరీకీ అదే. మిద్దెను తాతల కాలం నుంచి మోస్తున్న రాయి కారును అరగంట మోయదా అనిపిస్తుంది. కానీ మిద్దె బరువు బండ మీద సమంగా పరుచుకుని ఉంటుంది, దాన్ని ఎవరూ కదిలించరు. కారు బరువేమో అరచేతి కంటే తక్కువ జాగాలో, ఒక్క అంచు మీద పడుతుంది. పైగా స్పానర్ లాగినప్పుడల్లా ఆ బరువు కాస్త పక్కకు జరుగుతుంది. రాయి నొక్కితే గట్టిది, వంచితే పెళుసు. బండ కింద ఒక్క గులకరాయి ఉన్నా, నేల కాస్త ఎత్తుపల్లాలుగా ఉన్నా, నడుమ పడిన బరువు దాన్ని వంచుతుంది. అప్పుడది రెండు ముక్కలవుతుంది. నాపరాయి పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. గనుల్లో ఉలి పెట్టి సమ్మెటతో కొడితే పలకలుగా విడిపోయేది ఆ పొరల వెంబడే. కారు కింద కూడా విడిపోవచ్చు. కర్రయితే విరిగేముందు కిర్రుమంటుంది, నలుగుతుంది, తప్పుకోవడానికి ఒక క్షణం ఇస్తుంది. రాయి ఏమీ చెప్పదు. పాలిష్ పట్టిన బండ మీద రెండు చుక్కల ఆయిల్ పడితే విరగాల్సిన పని కూడా లేదు, జారితే చాలు. మట్టి ఇటుక, బోలు సిమెంటు ఇటుక అంతకంటే అధ్వాన్నం.

కారు కిందికి దిగితే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. ఆల్టో లాంటి చిన్న కారే 700 కిలోల పైన ఉంటుంది. స్విఫ్ట్ 900 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. బొలెరో, ఇన్నోవా లాంటివి టన్నున్నర దాటతాయి. చిన్న కార్ల అడుగుభాగానికీ నేలకూ మధ్య ఖాళీ సుమారు 160 మిల్లీమీటర్లు, అంటే ఆరు అంగుళాల పైచిలుకు. వెల్లకిలా పడుకున్న మనిషి ఛాతీ మందం ఎనిమిది, తొమ్మిది అంగుళాలు. అంటే చక్రాలన్నీ ఉన్న కారు పడినా మనిషికి చోటు చాలదు. చక్రం ఊడదీసి ఉంటే ఆ మూల బ్రేక్ డిస్కు నేలను తాకేదాకా దిగుతుంది. అప్పుడు ఆ ఆరు అంగుళాలు కూడా మిగలవు. ఛాతీ మీద బరువు పడి పక్కటెముకలు కదలకపోతే ఊపిరి ఆడదు. 108 బండి ఎంత త్వరగా వచ్చినా అందే వ్యవధి అది కాదు.

జాకీ ఎత్తడానికే గానీ మోస్తూ నిలబడటానికి కాదు. మోయడానికి ఇనుప కాళ్ల స్టాండ్లు వేరే ఉంటాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. కారుతో పాటు ఇచ్చే కత్తెర జాకీ పంచర్ పడినప్పుడు చక్రం మార్చుకోవడానికి మాత్రమే. దాని మీద ఉన్న కారు కింద చెయ్యి కూడా పెట్టకూడదు. మనిషి కింద పడుకున్న బొమ్మ మీద అడ్డగీత కొట్టి ఆ జాకీ మీదే అంటించి ఉంటుంది, చాలామంది చూడరు. ఒక్క స్క్రూ మీద నిలబడే ఆ జాకీ అడుగు సన్నం. కారు ముందుకో వెనక్కో రెండు అంగుళాలు కదిలితే పక్కకు ఒరిగిపోతుంది. సీసాలా నిలబడే బాటిల్ జాకీ, చక్రాల మీద జరిగే ట్రాలీ జాకీ ఆయిల్ ఒత్తిడితో ఎత్తుతాయి. లోపలి రబ్బరు సీలు అరిగినా, వాల్వు దగ్గర ఇసుక రేణువు చిక్కినా ఎత్తిన కారు మెల్లగా దిగుతుంది. సీలు తెగితే మెల్లగా కాదు. అందుకే కొత్త జాకీనైనా, పాతదాన్నైనా ఒకసారి పరీక్షించండి. చక్రం నేల విడిచేదాకా కారును ఎత్తి, ఒక కొలత రాసుకుని, పావుగంట తర్వాత మళ్లీ కొలవండి. వేలెడు దిగినా ఆ జాకీతో పని చేయకండి. ఆయిల్ తగ్గితే హైడ్రాలిక్ జాకీ ఆయిలే పోయాలి. చేతికందిందని బ్రేక్ ఆయిల్ పోస్తే మామూలు జాకీల్లోని సీళ్లు ఉబ్బి పాడవుతాయి. బాటిల్ జాకీని అడ్డంగా పడుకోబెట్టి వాడకూడదు. పంపు ఆయిల్‌కు బదులు గాలిని లాగుతుంది.

ఎక్కడ ఎత్తుతున్నారన్నది ఎలా ఎత్తుతున్నారన్నంత ముఖ్యం. మన ఇళ్ల ముందు కాలువ మీద బండలు పరిచి, వాటి మీదే కారు నిలపడం అలవాటు. ఆ బండల మీద జాకీ పెట్టవద్దు, స్టాండు అసలే పెట్టవద్దు. చక్రం వెడల్పుగా ఆనుతుంది కాబట్టి బండ ఓర్చుకుంటుంది. స్టాండు కాలు ఒక్కచోట గుచ్చినట్టు నిలబడితే పగులుతుంది, కింద కాలువ. వాకిట్లో ఇసుక మీద పరిచిన బండలనూ సుత్తి పిడితో తట్టి చూడండి. బోలుగా మోగితే కింద ఇసుక జారిపోయి ఖాళీ ఏర్పడిందని అర్థం. రోడ్డు నుంచి ఇంట్లోకి ఎక్కే వాలు మీద కూడా పని పెట్టుకోకూడదు. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి వానాకాలం జాకీని మింగేస్తుంది. అనంతపురం ఎర్రనేల పైకి గట్టిగా కనబడుతుంది గానీ బరువు పడగానే పొడిపొడిగా జరుగుతుంది. తారు రోడ్డు కూడా నమ్మదగ్గది కాదు. మన ఏప్రిల్, మే ఎండలకు మెత్తబడి, స్టాండు కాళ్లు అందులోకి దిగుతాయి, అదీ ఒక పక్కకే. చదునైన కాంక్రీటు నేల మేలు. అది లేకపోతే ప్రతి స్టాండు కిందా అడుగు చదరం, రెండు అంగుళాల మందం ఉన్న గట్టి చెక్క పలక వేయాలి. తుమ్మ చెక్క అయితే ఇంకా మంచిది.

ట్రాలీ జాకీ గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. దాని చెయ్యి పైకి లేచేటప్పుడు నిటారుగా లేవదు, వంపు తిరిగి లేస్తుంది. అందుకే ఎత్తుతున్నకొద్దీ జాకీ తన చక్రాల మీద కాస్త జరగాలి. బండల సందులోనో గరుకు నేలలోనో ఆ చక్రాలు ఇరుక్కుంటే, జాకీ జరగలేక కారునైనా లాగుతుంది, ఎత్తే చోటు నుంచి తానైనా జారుతుంది. కాబట్టి ఎత్తుతున్నంతసేపూ జాకీ చక్రాల మీద ఒక కన్ను ఉంచండి. ట్రాలీ జాకీ కింద మెత్తని మట్టి ఉన్నా, చిన్న పలక ముక్క వేసినా ఇదే ఇబ్బంది. వేస్తే జాకీ మొత్తం కదలడానికి వీలైనంత పెద్ద పలక వేయాలి.

చక్రాలకు అడ్డు పెట్టడం అందరూ తేలిగ్గా తీసుకునే పని. హ్యాండ్ బ్రేక్ లాగాం, గేరు వేశాం, ఇంకేం అంటారు. హ్యాండ్ బ్రేక్ దాదాపు అన్ని కార్లలో వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక రెండు చక్రాలనూ లేపితే అది ఉన్నా లేనట్టే. ఆల్టో, స్విఫ్ట్ లాంటి కార్లలో ఇంజన్ ముందు చక్రాలను తిప్పుతుంది కాబట్టి గేరు ఆ చక్రాలనే పట్టుకుంటుంది. వాటిలో ఒకదాన్ని లేపారా, రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ పుణ్యాన లేచిన చక్రం ఉత్తినే తిరుగుతుంది, నేల మీద ఉన్నదాన్ని గేరు ఆపలేదు. అన్నిటికంటే ప్రమాదం బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లలో. గేరు, హ్యాండ్ బ్రేకు రెండూ వెనక చక్రాలకే. వెనక బ్రేక్ డ్రమ్ము ఊడదీయాలంటే హ్యాండ్ బ్రేక్ వదలక తప్పదు. ఒక వెనక చక్రం గాల్లో ఉంది కాబట్టి గేరు పనికిరాదు. ఇక బండిని ఆపేది ముందు చక్రాలకు పెట్టిన అడ్డు ఒక్కటే. అది గుండ్రాయి అయితే చక్రంతో పాటు దొర్లుతుంది. చక్రం ఎత్తులో కనీసం నాలుగో వంతు ఎత్తున్న, త్రికోణంగా కోసిన కర్రదిమ్మలు నాలుగు చేయించుకోండి. నేల మీద ఉండే చక్రాలకు ముందొకటి, వెనకొకటి గట్టిగా తట్టి బిగించండి. బడుగు చెక్క వద్దు, వేపో తుమ్మో కావాలి.

వీల్ నట్లు కారు నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసుకోవాలి. గాల్లో లేచిన కారు మీద వీల్ స్పానర్‌తో బలం చూపితే కారు జాకీ మీంచి దూకుతుంది. తుప్పు పట్టిన సైలెన్సర్ బోల్టులకూ ఇదే వర్తిస్తుంది. ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నానబెడితే, కింద పడుకుని బలమంతా పెట్టి లాగే అవసరం తప్పుతుంది.

ఎక్కడ ఎత్తాలన్నది కారు మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. చిన్న కార్లలో తలుపుల కింద నిలువుగా దిగిన రేకు అంచు ఉంటుంది. దాని మీద ముందు చక్రం వెనక ఒకచోట, వెనక చక్రం ముందు ఒకచోట రెండేసి గాట్లు కనబడతాయి. ఆ గాట్ల మధ్యే ఎత్తాలి. ట్రాలీ జాకీ నేరుగా పెడితే ఆ అంచు నలిగిపోతుంది కాబట్టి నడుమ గాడి ఉన్న రబ్బరు దిమ్మ పెట్టుకోవాలి. ఇంజన్ ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్, నేలరేకు, రేడియేటర్ కింది పట్టీ... వీటి కింద జాకీ పెడితే పగలడమో సొట్టపోవడమో ఖాయం. అడుగున ఛాసీ అనే ఇనుప చట్రం విడిగా ఉన్న బండ్లయితే ఛాసీ కింద గానీ వెనక యాక్సిల్ కింద గానీ పెట్టొచ్చు. మన ఎండు వాతావరణంలో కార్లకు తుప్పు తక్కువ. కానీ నెల్లూరు, చెన్నై, విశాఖ వైపు నుంచి కొన్న సెకండ్‌హ్యాండ్ కారు అయితే ముందు ఆ రేకు అంచును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పొరలుగా రాలితే ఆ కారును ఇంటి దగ్గర ఎత్తకండి.

ఇక స్టాండ్లు. ఇనుప కాళ్లతో, పైన కారు ఆనడానికి గాడి ఉన్న ఆ స్టాండ్లు జత, సుమారు ఒక కొత్త టైరు ధరకే దొరుకుతాయి. ట్రాలీ జాకీ కొనడానికి వెనకాడనివాళ్లు ఇవి కొనకపోవడం బాధాకరం. వాటి మీద '3 టన్నులు' అని ఉంటే, అది ఒక్కదానికా, జతకా అని అడగండి. చాలావాటిపై జతకే లెక్క ఉంటుంది. ఎత్తు నిలపడానికి రంపంలాంటి పళ్లు, వాటిలో చిక్కే కొక్కెం ఉన్న రకం ఒకటి, అడ్డంగా పిన్ను గుచ్చే రకం ఇంకొకటి. ఇంటి వాడకానికి పిన్ను రకం మేలు. పిన్ను గుచ్చి ఉందో లేదో కంటికి కనబడుతుంది. పళ్ల రకంలో కొక్కెం పన్నులో పూర్తిగా కూర్చుందో లేదో పై నుంచి తెలియదు. 2020లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల వ్యాపార సంస్థ తన పళ్ల స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. కొక్కెం పళ్లలో సరిగా పడక, బరువు మీద స్టాండు అమాంతం కిందికి జారే అవకాశం ఉండటమే కారణం. అందుకని పళ్ల స్టాండే ఉంటే, ఎత్తు పెట్టాక పైభాగాన్ని అరచేత్తో కిందికి గట్టిగా కొట్టండి. దానికి అదనంగా గుచ్చే పిన్ను ఇచ్చి ఉంటే తప్పకుండా గుచ్చండి. వెల్డింగ్ దగ్గర పగులు, కాలు వంకర కనబడితే దాన్ని మళ్లీ వెల్డింగ్ చేయించకండి, తూకానికి వేసేయండి.

కారు ముందు భాగాన్ని రెండు స్టాండ్ల మీద నిలపాలంటే ఒక పక్కను ఒకేసారి పూర్తి ఎత్తుకు లేపకూడదు. అలా చేస్తే రెండో పక్క లేపేటప్పుడు కారు వాలు మారి, మొదటి స్టాండు మీద బరువు అంచుకు జరుగుతుంది, ఒక కాలు నేల విడుస్తుంది. మొదట ఎడమ స్టాండు తక్కువ ఎత్తులో, తర్వాత కుడి స్టాండు అంతే ఎత్తులో పెట్టి, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి అంటూ అంచెలంచెలుగా పెంచుకుంటూ పోవాలి. ప్రతిసారీ నాలుగు కాళ్లూ నేలను తాకుతున్నాయా అని వంగి చూడాలి. నాలుగు చక్రాలూ ఒకేసారి లేపాల్సిన పనులు షెడ్డుకే వదిలేయండి. గేర్‌బాక్స్ దించడం కూడా అంతే. ముందు బరువు ఊడిపోగానే కారు తూకమే మారిపోతుంది.

కారు స్టాండ్ల మీద కూర్చున్నాక జాకీని తీసేయకండి. కారు బరువు పడకుండా, కాస్త ఆనీ ఆననట్టు అక్కడే ఉంచండి. ఊడదీసిన చక్రాన్ని, స్టెప్నీని తలుపుల కింద పడుకోబెట్టి నెట్టండి. స్టాండు తప్పినా కారు నేల దాకా దిగకుండా ఆ టైరు మీద ఆగుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు, అయినా చేసేవాళ్లు తక్కువ. ఆ తర్వాత కింద దూరేముందు కారును రెండు చేతులతో అటూ ఇటూ గట్టిగా ఊపండి. పడేదేదో మీరు బయట ఉండగానే పడాలి. ఊపడానికి భయమేస్తే దాని కింద పడుకునే పనే లేదు.

స్టాండ్లు కొనలేనివాళ్లు, పల్లెల్లో ట్రాక్టర్ ట్రాలీ కింద పని చేసేవాళ్లు కర్రదిమ్మలను నమ్ముకోవచ్చు. నాలుగు అంగుళాల చదరం, అడుగున్నర పొడవున్న దిమ్మలను వరసకు రెండు చొప్పున, ఒక వరస నిలువుగా, దాని మీద ఇంకో వరస అడ్డంగా పేర్చాలి. ఎత్తు దిమ్మ పొడవును మించకూడదు. పాత రైలు స్లీపరు చెక్క దొరికితే అంతకంటే గట్టిది లేదు. పగుళ్లున్నవి, ఆయిల్ తాగినవి పక్కన పడేయండి.

కారు లేచి ఉండగా లోపల ఎవరూ కూర్చోకూడదు, తలుపులు తీసి వేయకూడదు, ఇంజన్ నడపకూడదు. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. ఒంటరిగా పని పెట్టుకోకండి. పక్కన ఒక పెద్ద మనిషి, ఆ మనిషి చేతికందేలా రెండో జాకీ, ఫోను ఉండాలి. ఒకవేళ కారు ఎవరి మీదైనా పడితే మొదటి నిమిషంలోనే రెండో జాకీతో దాన్ని లేపి, కింద చక్రమో కర్రదిమ్మో నెట్టాలి. ఒకరు ఈ పనిలో ఉండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పడిపోయిన జాకీ వాల్వును కంగారులో తిప్పకూడదు, కారు ఇంకా దిగవచ్చు. బరువు తొలగించకుండా మనిషిని లాగకూడదు.

పని అయ్యాక దించేటప్పుడు కూడా తొందర వద్దు. ముందు జాకీతో కారును కాస్త ఎత్తి స్టాండ్లు తీసి, కింద స్పానర్లు, చెయ్యి, కాలు ఏవీ లేవని చూసుకుని, వాల్వును కొద్దికొద్దిగా వదలాలి. నట్లను నేల తాకకముందు చేతి బలంతో, తాకాక ఎదురెదురుగా ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా బిగించాలి. యాభై కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూసుకోవాలి.

సంపాదకులు గారూ, వారాంతపు అనుబంధాల్లో సొంత రిపేర్ల చిట్కాలు వేసేటప్పుడు స్టాండ్లు లేని జాకీ బొమ్మలు ప్రచురించవద్దని మనవి. మన సీమ స్పేర్‌పార్ట్స్ దుకాణదారులకూ ఒక విన్నపం: ట్రాలీ జాకీ అడిగినవాళ్లకు స్టాండ్ల జత కూడా బల్ల మీద పెట్టి చూపించండి, కొనలేనివాళ్లకు రోజు అద్దెకు ఇవ్వండి. అపార్ట్‌మెంట్ సంఘాలు ఒక ట్రాలీ జాకీ, రెండు స్టాండ్లు, నాలుగు అడ్డుదిమ్మలు, నాలుగు తుమ్మ పలకలు వాచ్‌మన్ గదిలో ఉంచుకుంటే ఇల్లిల్లూ విడివిడిగా కొనాల్సిన అవసరమే ఉండదు.

ఇట్లు,
ఒక మోటారు మెకానిక్, కడప